అత్త నేర్పిన ఆరు వణుకులు

నా చిన్నప్పుడు ఆ కబురును మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పాలు పోసే అవ్వ. పుష్యమాసపు చలి. చెంబు గడపలో దించి, పాలు కొలవడం కూడా మరిచిపోయి, "పక్కింటి పిల్లకు గాలి సోకినాదంట. మంత్రగాన్ని పిలిపిచ్చినారు" అన్నది.

నాకప్పుడు పదేళ్ళు. పెనుకొండ నుంచి ధర్మవరం పోయే రోడ్డును ఆనుకొని మా ఊరు. చిన్నతనంలో వచ్చిన ఏదో జ్వరానికి నా ఎడమకాలు సన్నబడిపోయింది. బడి చూస్తే రెండు మైళ్ళ అవతల ఉండేది. అందుకని నేను బడి మెట్టు ఎక్కలేదు. నాకు అక్షరం పెట్టింది మా మేనత్త. చిన్నప్పుడే భర్త పోతే, నర్సు చదువు చదివి, హిందూపురంలో ఒక ఆస్పత్రిలో చాలా ఏళ్ళు పనిచేసి, నడుము నొప్పితో మా ఇంటికి చేరిన మనిషి. ఆమెను మా ఇంటికి పంపిన దేవుడికి ఇవాళ్టికీ దీపం పెట్టిన ప్రతిసారీ ఒక దణ్ణం ఎక్కువ పెట్టుకుంటాను.

ఆ చలికాలమంతా అత్త నాకు ఇంగ్లీషు మాటలు చెబుతూ ఉండింది. పలకమీద మాట రాసి, దాన్ని ఒంటితో చేసి చూపించమనేది. ఆ నెల మేము పట్టుకున్నవి వణుకు మాటలు. షేక్ అంటే చింతకొమ్మను పట్టుకొని ఊపినట్టు. దాని వెనకాల ఊపే చెయ్యి ఒకటి ఉందేమో చూడమనేది. షివర్ అంటే చలికో జ్వరానికో ఒళ్ళంతా సన్నగా ఆడడం, పళ్ళు టకటకమనడం. ట్రెంబుల్ అంటే భయానికి, నీరసానికి చేతులు, మోకాళ్ళు వణకడం. ఏడుపు వచ్చే ముందు కింది పెదవి అదురుతుందే, అది క్వివర్. చచ్చిన ఎలుక మీద కాలు పడితే ఒక్కసారి ఒళ్ళు జలదరించి ఆగిపోతుంది, అది షడర్. నాకు షడర్ అంటే మహా ఇష్టం. లేని ఎలుకను తొక్కి తొక్కి ఇల్లంతా తిరిగేదాన్ని.

ఆరో మాట కన్‌వల్షన్. దాన్ని పలకమీద రాసింది గానీ చేసి చూపించలేదు. నేను చేస్తానని లేస్తే చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది. "ఇది ఆటకు చేసేది గాదు మే. సూసిన రోజు నీకే తెలుస్తాది" అన్నది. మనకూ మాటలకు కొదవ లేదని, అదరడం, జలదరించడం, గజగజలాడడం అన్నీ ఉన్నాయని, కానీ రోగిని మోసుకొచ్చేవాళ్ళు అన్నిటినీ కట్టగట్టి 'వణుకుతాంది' అనే చెబుతారని, అక్కడే ప్రాణం మీదికి వస్తుందని అత్త చెప్పేది. ఆ చివరి ముక్క నాకప్పుడు ఎక్కలేదు.

ఇక ఆ పొద్దున సంగతి. పాలవ్వ మాట వినగానే అత్త పలక పక్కన పెట్టింది.

"ఎట్లా వణికినాది అవ్వా?"

"వణుకుడు వణుకుడే గదమ్మా. పట్టుచీర, నూలుచీర అన్నట్టు దాంట్లో గూడా రకాలుంటాయా?"

అత్త నవ్వలేదు. పళ్ళు కరుచుకుందా, కళ్ళు ఎటు పోయాయి, ఆగి ఆగి వచ్చిందా అని ఒకదాని మీద ఒకటి అడిగింది.

"నేను సూల్లే తల్లీ. మొన్నటి నుంచి తలకాయ పగిలిపోతాండాదని ఏడుస్తాండాదంట. కండ్లు మసకలంట. కాళ్ళు రోకళ్ళ మాదిరి వాసినాయి. నిన్న సందకాడ కట్టె మాదిరి బిగుసుకోని కొట్టుకున్నాదంట. వాళ్ళమ్మ చెప్పినాది."

అత్త ముఖం తెల్లబోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. నేను గోడ పట్టుకుంటూ కుంటుతూ వెనకే పోయాను.

ఆ పక్కింటి అక్క గురించి చెప్పాలి. గొర్రెల కాపరుల ఇల్లు వాళ్ళది. వాళ్ళ నాయనను నేను గొర్రెల మామ అనేదాన్ని. అక్కకు పెళ్ళయి రెండేళ్ళు, తొలిచూలు, ఎనిమిదో నెల. కాన్పుకని గోరంట్ల దగ్గర అత్తగారింటి నుంచి వచ్చి నాలుగు రోజులు కూడా కాలేదు. పెళ్ళికి ముందు నన్ను చంకనేసుకొని తిరునాళ్ళకు తిప్పింది ఆమే. నా కాలు చూసి తోటిపిల్లలు వెక్కిరిస్తే రాళ్ళుచ్చుకొని తరిమింది కూడా ఆమే. నాకు తోడబుట్టిన అక్క లేదు; ఉన్నా అంతకంటే ఎక్కువేం కాదు.

మా వైపు అమ్మవారికి గొర్రెను ఇచ్చేముందు దాని వీపున పసుపునీళ్ళు పోస్తారు. గొర్రె ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా ఎంతసేపైనా చేతులు కట్టుకొని కాచుకుంటారు. ఆ తెల్లవారుజామున అక్క కోసమని వాళ్ళు మందలో మంచి గొర్రెను తెచ్చి మూడు బిందెలు పోశారట. అది రాయిలాగా నిలబడిపోయింది, విదిలించలేదు. అమ్మవారు గొర్రెను వద్దంటోందని, పిల్ల ఒంట్లో ఉన్నదేదో పోనంటోందని అందరికీ తోచింది. వచ్చిన మంత్రగాడు ఆ లెక్కనే తిప్పి అక్క మీద పెట్టాడు. నీళ్ళు పోసి కొట్టాలి. ఒళ్ళు విదిలిస్తే లోపలున్నవాడు దిగడానికి ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నవాడు నోరు తెరిచి 'పోతా' అనేదాకా వదలకూడదు.

మేము పోయేసరికి వాకిలి నిండా జనం. గొర్రెల దొడ్డి గుంజకు ఆనించి అక్కను తడిబండ మీద కూర్చోబెట్టారు. వాళ్ళ నాయనే వెనక నిలబడి జుట్టు చేతికి చుట్టి పట్టుకున్నాడు. గాజులు పగిలి మోచేతుల నిండా గీతలు. రవిక వీపున చిరిగి, ఆ చిరుగుల్లోంచి ఎర్రగా వాతలు కనబడుతున్నాయి. ఒకడు బిందె ఎత్తి నెత్తిన కుమ్మరించాడు. ఆ చలికి అక్క ఒళ్ళంతా ఆడింది.

"సూడండి, ఒప్పుకుంటాండాడు!" అని మంత్రగాడు అరిచాడు. "పోతావా, పోవా?"

అక్క పలకలేదు. చర్నాకోల లేచింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ తెలుసు, తడిబట్ట మీద దెబ్బ పడే చప్పుడు వేరేగా ఉంటుంది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ వణుకు, మళ్ళీ దెబ్బ. కడుపు మీద పడకుండా అక్క రెండు చేతులూ అడ్డం పెట్టుకుంటోంది. వేపమండలతో ముఖాన కొడితే ఆకులు పెదవులకు అంటుకుపోయాయి. నా కింది పెదవి అదరడం నాకే తెలిసింది.

"కొట్టాకండప్పా! కడుపుతో ఉండాది, చచ్చిపోతాది!" అంటూ అత్త జనాన్ని తోసుకొని లోపలికి పోయింది.

"పక్కకు పోమ్మా. వాడు నీ మీదికి దూకుతాడు."

"దూకనీ."

అత్త వాడి చెయ్యి పట్టుకోబోయింది. చర్నాకోల ఆమె చెంప నుంచి మెడదాకా గీరుకుంటూ పోయింది. జనంలో ఎవరో, "ఆస్పత్రి చదువు గదా, అమ్మవారికి గూడా సూది ఏస్తాదేమో" అన్నారు. నలుగురు నవ్వారు. ఆ నవ్వు దెబ్బకంటే ఎక్కువ తగిలి ఉంటుందని నేను పెద్దయ్యాక అనుకున్నాను. అత్త మాత్రం చెంప తడుముకోను కూడా తడుముకోలేదు. పోయి అక్క పక్కన అదే తడిబండ మీద కూర్చుంది.

"ఆ బిందె నా మీద గూడా పొయ్యండి."

ఎవరూ కదల్లేదు. అత్త చూపు జనమంతా తిరిగి పాలవ్వ దగ్గర ఆగింది. "అవ్వా, నువ్వు పొయ్యి."

పాలవ్వ బిత్తరపోతూనే వచ్చి బిందె వంచింది. బావి నీళ్ళు, పుష్యమాసం. అత్త పళ్ళు టకటకలాడాయి, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఆ వణుకులోనే మాట కూడబలుక్కుంటూ గొర్రెల మామ వైపు తిరిగింది.

"అన్నా, నన్నెవురు పట్టినారు? సలికి వణుకుతాండా. నీ బిడ్డ గూడా ఇప్పుడు దీనికే వణుకుతాండాది."

"ఇది రెండోది. దీన్ని గూడా పట్టినాడు" అంటూ మంత్రగాడు అత్త వీపున రెండు వేశాడు. ఆమె ముందుకు తూలింది గానీ లేవలేదు. మామ ముఖంలోకే చూస్తూ ఉండింది.

"గొర్రెలు కాసినోనివి, నువ్వే చెప్పన్నా. వానకు తడిసిన గొర్రె ఇదిలిస్తాది. తోడేలును సూసిన గొర్రె నిలబడి వణుకుతాది. చిటుకు రోగం వచ్చిన గొర్రె కింద పడి కాళ్ళు కొట్టుకుంటాది. మూడూ ఒగటేనా నీకు? కొట్టుకుంటాండే గొర్రెకు మందు తెస్తావే గానీ, యానాడన్నా చర్నాకోల ఎత్తినావా?"

గొర్రెల మామ వేళ్ళకు చుట్టుకున్న అక్క జుట్టు ఒక్కొక్క మడతే జారిపోవడం నేను చూశాను.

సరిగ్గా అప్పుడే వచ్చింది. అక్క తల ఒక పక్కకు తిరిగింది. కళ్ళు పైకి పోయి తెల్లగుడ్లు మిగిలాయి. ఒళ్ళు కట్టెలాగా బిగుసుకుంది, ఊపిరి ఆగింది, ముఖం నల్లబడింది. తర్వాత ఆ బిగుసుకున్న ఒళ్ళే ఎగిరెగిరి కొట్టుకుంది. మడమలు బండకు కొట్టుకొని చిట్లాయి. నాలుక తెగి నురగలో రక్తం కలిసింది. అంతకుముందు గంటసేపు వాళ్ళు నీళ్ళు పోసి, కొట్టి రప్పించిన వణుకుకూ దీనికీ పోలికే లేదు. అది చిన్నపిల్లను నాకు కూడా తెలిసింది. జనం నాలుగడుగులు వెనక్కు జరిగారు. మంత్రగాడు అందరికంటే ముందు జరిగాడు.

నా నోట ఆరో మాట దానంతటదే వచ్చింది. గట్టిగానే అన్నట్టున్నాను. అత్త నా వైపు ఒక్క చూపు చూసి తల ఊపింది. అక్క తల కింద తన తొడ పెట్టి, పక్కకు తిప్పి, నోట్లోని నురగ జారేలా పట్టుకుంది. ఎవరో నోట్లో గరిటె కాడ పెట్టబోతే విదిలించి కొట్టింది. అంతసేపూ పెదవుల్లో అంకెలు లెక్కపెడుతూనే ఉంది. కొట్టుకోవడం ఆగి అక్క గురక పెట్టింది.

గొర్రెల మామ వంగి కిందపడిన చర్నాకోల అందుకున్నాడు. "నా బిడ్డను నా చేతనే పట్టిచ్చి సంపిస్తావట్రా!" అంటూ మంత్రగాడి మీదికి దూకాడు. మొదటి దెబ్బకే వాడి తలపాగా ఎగిరి దొడ్డిలో పడింది, రెండో దెబ్బకు చెవి నుంచి రక్తం కారింది. వాడు గోడ ఎక్కుతున్నాడు, మామ కాలు పట్టి లాగుతున్నాడు.

"అన్నా! వాన్ని మల్లా కొడుదువు. ముందు బండి సూడు!" అని అత్త అరిచింది.

ఆ మాటకు ఆయన తెలివిలోకి వచ్చాడు. రోడ్డు మీదికి పరుగెత్తి, చేతులు బార్లా చాచి, వేరుశనక్కాయల మూటలతో హిందూపురం పోతున్న లారీకి అడ్డం నిలబడ్డాడు. డ్రైవరు బూతులు తిడుతూ దిగాడు. అక్కను చూసి నోరు మూసుకొని తానే కాళ్ళ వైపు పట్టాడు. మూటల మీద గొంగళ్ళు పరిచి పడుకోబెట్టారు. నేను ఎట్లా ఎక్కానో నాకు గుర్తు లేదు. దించేంత తీరిక ఎవరికీ లేకపోయింది.

దారంతా అత్త నా చెయ్యి తీసుకొని అక్క మణికట్టు మీద పెట్టి ఉంచింది. తన చేతులు అక్క తల వదలడం లేదు. పెనుకొండ దాటుతుంటే అడిగింది, "ఇప్పుడు ఏంది మే?"

లారీ కుదుపుకు అందరం ఊగుతున్నాం. నేను కళ్ళు మూసుకొని, వేళ్ళ కింద ఏముందో చూసి, "షేక్ అత్తా, లారీది" అన్నాను. కాసేపటికి మళ్ళీ అడిగింది. "షివర్. తడిబట్ట" అన్నాను. అత్త తన మీది గొంగడి తీసి అక్కకు కప్పింది. మూడోసారి అడగాల్సిన పని పడలేదు. నా వేళ్ళ కింద చెయ్యి ఇనపకడ్డీ అయిపోయింది. మామ అమ్మవారిని ఎలుగెత్తి పిలిచాడు. ఆ తల్లి కొట్టేది కాదని, వినేదని నేను ఆ లారీ మీదే నమ్మాను.

హిందూపురంలో తాను పనిచేసిన ఆ ఆస్పత్రిలోనే, డాక్టరమ్మతో అత్త నాలుగే మాటలు చెప్పింది. నెల ఎంత, వాపు ఎట్లా ఉంది, నిన్నటినుంచి కన్‌వల్షన్లు మూడు, ఆఖరిది ఎంతసేపు. డాక్టరమ్మ రెండో ప్రశ్న అడక్కుండా లోపలికి పరుగెత్తింది. కడుపుతో ఉన్నవాళ్ళకు రక్తపోటు ఎక్కువై వచ్చే మూర్ఛ అట అది. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ. అక్కకు రెండు రోజులు తెలివి లేదు. మూడో నాడు కళ్ళు తెరిచి, "కొట్టాకు నాయనా" అన్నది. ఆ మాట విని గొర్రెల మామ వరండాలోకి వచ్చి నేల మీద కూలబడ్డాడు. జుట్టు పట్టుకున్న ఆ కుడిచెయ్యి ఒడిలో పెట్టుకొని చూసుకుంటున్నాడు. అది ఒకటే వణుకుతోంది. నేను అత్త చెవిలో అడిగాను, అది ట్రెంబులా అని.

"దానికి పేరు పెట్టాకు. పోయి మామకు నీళ్ళియ్యి" అన్నది.

నీళ్ళిచ్చి వచ్చాక ఆ వరండాలోనే అత్తను అడిగాను, నీకు దెబ్బలంటే భయం లేదా అని. ఆమె చెంప మీది వాత అప్పటికి ఊదారంగుకు తిరిగింది. అత్త వార్డు లోపల తలుపు పక్కనున్న మంచాన్ని చూపించింది. తాను కొత్తగా పనిలో చేరిన ఏడు, ఇట్లాంటి చలికాలమే, ఆ మంచం మీద ఒక నిండు చూలాలు ఉండిందట. ఒంటరిగా బస్సు దిగి వచ్చిన కూలిమనిషి. ఆమె బిగుసుకొని కొట్టుకున్నప్పుడు అత్త వేరే మంచం దగ్గర ఉండి, తిరిగి చూసేసరికి అంతా ఆగి సన్నని వణుకు మిగిలిందట. తలుపు సందులోంచి చలిగాలి వస్తోంది గదా అని అత్త రెండు దుప్పట్లు కప్పి, పుస్తకంలో షివరింగ్ అని రాసింది. డాక్టరు ఆ మాట చదివి ముందుకు పోయాడు. ఆమె నీళ్ళు అడిగింది, తల నొస్తుందన్నది. పొద్దునకు లేదు.

"నన్నెవురూ తిట్టలే. ఎవురికీ తెలీదు. నేను దగ్గరికి పోయి సూసింటే బతికుండేది" అన్నది అత్త. "ఇన్నేండ్లకు మల్లా అదే వణుకు మన పక్కింటికి వచ్చినాది. రెండు దెబ్బలకు నేను ఎనక్కు రావాల్నా?"

ఆ పక్కింటి అక్క బతికింది. మూడేళ్ళకు అదే ఆస్పత్రిలో ఆడబిడ్డను కన్నది, తర్వాత ఇంకొక పిల్లవాణ్ణి. ఇప్పుడు మనవరాళ్ళను ఎత్తుకొని తిరుగుతోంది. వీపున వాతల గుర్తులు మాత్రం పోలేదు. తలంటుకున్నప్పుడు పోయి రుద్దేది నేనే కాబట్టి నాకు తెలుసు. ఆ రోజు మా అత్త మాట విన్న గొర్రెల మామకు, నీళ్ళు వంచిన పాలవ్వకు, బేరం అడగకుండా లారీ ఎక్కించుకున్న డ్రైవరుకు నేను రుణపడి ఉన్నాను. వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. అత్త పోయి కూడా చాలా ఏళ్ళయింది.

నాకిప్పుడు అరవై దాటాయి. ఇంగ్లీషు నాకు పెద్దగా రాలేదు, వచ్చినదాంట్లో చాలా మరిచిపోయాను. ఈ ఆరు మాటలు మాత్రం ఉన్నాయి. మొన్న హిందూపురం బస్టాండులో ఒకతను పడి కొట్టుకుంటుంటే, తాగినాడని ఒకరు కాలితో పక్కకు తోశారు, ఇనుము పట్టించమని ఒకరు తాళాలగుత్తి తీశారు. నేను కుంటుకుంటూ పోయి అతని పక్కన కూర్చున్నాను. పక్కకు తిప్పి, ఎంతసేపని లెక్కపెట్టాను. "నువ్వు డాక్టరువా అవ్వా?" అని ఒక కుర్రాడు అడిగాడు. కాదన్నాను. ఎవరైనా వణుకుతున్నారని వింటే, ఏమిటో ఎందుకో పక్కన కూర్చొని చూసేదాకా నా నోట మాట రాదు. ఎవరి మీదా చెయ్యి లేవదు. ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఇదే.

చదివినవాళ్ళను ఒక్కటి అడుగుతాను. మా అత్తను తలుచుకోవడానికి నేనున్నాను, ఆ అక్క ఉంది, ఆమె పిల్లలున్నారు. తలుపు పక్క మంచం మీది ఆ తల్లికి ఎవరూ లేరు. పేరు అత్త ఎప్పుడూ చెప్పలేదు; నేను అడిగే ధైర్యం చెయ్యలేదు. కడుపులో బిడ్డతో, రెండు దుప్పట్ల కింద, నీళ్ళడిగి పోయింది. ఆమె పోబట్టే మా అక్క బతికింది. మీ ఇంట్లో దీపం పెట్టినప్పుడు, కుదిరితే, ఆమెను ఒక్కసారి తలుచుకోండి.